మిర్చి యార్డులో డేటా పాఠం



మిర్చి సీజన్‌లో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వెళ్తే ఘాటుకు తుమ్ములు ఆగవు. ఒక బస్తాకు ఒక ధర, పక్క బస్తాకు మరో ధర ఎందుకో రైతుకు అంతుపట్టదు. తేమ, రంగు, తాలు కాయల లెక్క చాలావరకు కొనేవారి కంటి అంచనాయే. డేటా సైన్స్‌కు ఇంతకన్నా మంచి సమస్య ఎక్కడ దొరుకుతుంది?

నేర్పే చోట్లూ ఇక్కడే ఉన్నాయి. 1959లో దేశంలోనే తొలి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైనది నేటి వరంగల్ ఎన్ఐటీ. అనంతసాగర్‌లోని ఎస్సార్ విశ్వవిద్యాలయంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ తోడ్పాటుతో ఎస్సార్‌ఐఎక్స్ అనే ఇంక్యుబేటర్ అంకుర సంస్థలకు చేయూతనిస్తోంది.

పొరుగున ఖమ్మం జిల్లాలో రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి ‘సాగు బాగు’ పేరిట సుమారు 7,000 మంది మిర్చి రైతులతో ప్రయోగం చేశాయి. ఫోన్‌లో సాగు సలహాలు, కంప్యూటర్‌తో నాణ్యత పరీక్ష, నేల పరీక్షలు అందులో భాగం.

మన విద్యార్థులు మాత్రం ముందు యాప్ చేసి, తర్వాత దానికి సమస్య వెతుకుతారు! నా మట్టుకు, మొదటి సెమిస్టర్ యార్డులోనే గడపాలి. ఎందుకంటే 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి టమాటాలా గుండ్రంగా ఉంటుంది; ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. సన్న కాయల ఫొటోలతో నేర్చిన కంప్యూటర్ దీన్ని తప్పుగా లెక్కగట్టవచ్చు. ఆ ఫొటోలు కొత్తగా తీయాల్సిందే.