సముద్రము దాటిన తెలుగు సంఘము

(డయాసిస్ శతవార్షికోత్సవముల సందర్భముగా కిషన్‌బాగ్ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ కమిటీవారు నాకు ఇచ్చిన అంశము "పరదేశములలో మనవారి సంఘ జీవితము". ఈ మాట వినగానే మనకు విమానము ఎక్కి అమెరికాకు, ఆస్ట్రేలియాకు, గల్ఫ్ దేశాలకు వెళ్ళిన బిడ్డలు జ్ఞాపకం వస్తారు. వారి కొరకు మనము ప్రార్థిస్తూనే ఉన్నాము. అయితే ఈ సాయంకాలము నేను వారికంటె చాలా ముందు, ఓడ ఎక్కి వెళ్ళినవారిని గూర్చి మాట్లాడదలచాను. వారి చేతిలో డిగ్రీ లేదు, చాలామందికి సంతకము కూడ రాదు. అయినా వారు నిలిపిన సంఘమును చూస్తే, ఈ కిషన్‌బాగ్‌లో మనము నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

మన పట్టణము వలస వచ్చినవారిని ఎరుగని పట్టణము కాదు. ఇక్కడికి దూరములో లేని బార్కస్‌లో ఉన్నవారి పూర్వీకులు అరేబియాలోని హద్రమౌత్ నుండి నిజాము కొలువులో సిపాయిలుగా వచ్చినవారు. బార్కస్ అనే పేరే సిపాయిల బ్యారక్స్ నుండి వచ్చింది. మాసాబ్‌ట్యాంక్ ప్రక్కన ఏ.సి. గార్డ్స్ అంటాము గదా, ఆ పేరు నిజాము సైన్యములోని ఆఫ్రికా అశ్వదళమునుబట్టి వచ్చింది. ఇక్కడి పెండ్లిండ్లలో మోగే మర్ఫా వాద్యము కూడ ఆ అరబ్బులు, ఆఫ్రికావారు తెచ్చినదే. ఆఫ్రికా బిడ్డలు మన హైదరాబాదుకు వచ్చి స్థిరపడ్డారు. మన తెలుగు బిడ్డలు ఆఫ్రికాకు వెళ్ళి స్థిరపడ్డారు. ఆ రెండవ కథ మనలో చాలామందికి తెలియదు.

1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నాటాల్ అనే ఆ ప్రాంతములోని చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ఆ దినము మొదలు 1911 వరకు ఒప్పందపు కూలీలుగా అక్కడికి చేరిన భారతీయులు 1,52,184 మంది. వీరిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవునుండి వెళ్ళినవారు. వారిలో తమిళులతోపాటు మన తెలుగువారు ఎందరో ఉన్నారు. విశాఖపట్నము, గంజాము, గోదావరి, నెల్లూరు, చిత్తూరు వైపు పల్లెలలో కరవు వచ్చినప్పుడు, అప్పు తీరనప్పుడు, మేస్త్రీ చెప్పిన మాట నమ్మి ఓడ ఎక్కినవారు వారు.

ఒప్పందము ఐదు సంవత్సరములు. మొదటి సంవత్సరము జీతము నెలకు పది షిల్లింగులు. ఏటా ఒక షిల్లింగు పెరుగుతుంది. బియ్యము, పప్పు, ఉప్పు యజమాని ఇవ్వాలి. నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలైనా ఉండాలని నియమము. ఈ అంకె ఒక్కటి చాలు, అక్కడ కుటుంబ జీవితము ఎంత కష్టమో గ్రహించడానికి. ఒప్పందము ముగించుకొని స్వేచ్ఛగా ఉండాలనుకున్నవారి మీద 1895లో మరొక భారము మోపారు. తిరిగి ఒప్పందములో చేరకుండ, స్వదేశము వెళ్ళకుండ అక్కడే నిలిచినవాడు ఏటా మూడు పౌనులు పన్ను కట్టాలి. నెలకు పది పన్నెండు షిల్లింగులు తెచ్చుకొనే మనిషికి అది ఎన్ని నెలల కష్టమో మీరే లెక్క వేసుకొనండి. 1913లో గాంధీ గారి నాయకత్వములో గని కూలీలు, తోట కూలీలు పనులు మాని నడచిన ఉద్యమము ఈ పన్ను మీదనే. 1914లో అది రద్దయింది.

ఇటువంటి చోట మనుష్యుడు మొదట పోగొట్టుకొనేది పేరు. కూలీకి ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరుతోనే లెక్క వ్రాసేవారు. తెలుగువాడైనా, తమిళుడైనా "మద్రాసీ" అనే ఒక్క మాటలో కలిసిపోయాడు. అటువంటి తోటలలో కొందరు క్రైస్తవులు కూడ ఉన్నారు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలోని బాప్తిస్టు సంఘములనుండి వెళ్ళినవారు వారు. పాట తెలుసు, ప్రార్థన తెలుసు, గాని కాపరి లేడు. బిడ్డకు పేరు పెట్టాలన్నా, చనిపోయినవారిని సమాధి చేయాలన్నా తమ భాషలో రెండు మాటలు చెప్పేవాడు లేడు.

అప్పుడు ఆ కొరత తీర్చినవారు ఎవరు? లండను మిషను కాదు, అమెరికా బోర్డు కాదు. తెలుగు బాప్తిస్టు విశ్వాసులే తమ కానుకలతో నడుపుకొనుచున్న హోమ్ మిషనెరీ సొసైటీవారు 1903లో జాన్ రంగయ్య గారిని కుటుంబముతోసహా నాటాల్‌కు పంపారు. ఆ సంవత్సరమే కీర్స్‌నీ అనే చోట మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడినది. కీర్స్‌నీ అంటే పట్టణము కాదు, లీజ్ హ్యూలెట్ అనే దొర తేయాకు తోటలున్న ఎస్టేటు. ఆ కూలీల మధ్య, వారి భాషలో సంఘము మొదలైనది. రంగయ్య గారు 1915లో మరణించేవరకు ఆ పరిచర్యలోనే ఉన్నారు.

1903 అనే ఈ సంవత్సరమును మన డయాసిస్‌వారు ప్రత్యేకముగా గమనించాలి. అదే సంవత్సరము ఫిబ్రవరిలో తిరునెల్వేలి తమిళ విశ్వాసులు ఇండియన్ మిషనెరీ సొసైటీ స్థాపించుకొని, మరుసటి సంవత్సరము నిజాము రాజ్యములోని దోర్నకల్‌లో పని ప్రారంభించారు. వారి ముఖ్యులలో ఒకరైన వి.ఎస్. అజరయ్య గారు 1912లో ఆ దోర్నకల్‌కే బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయనే. చూచారా! తమిళ సంఘము తెలుగు నేలకు సేవకులను పంపిన కాలములోనే, తెలుగు సంఘము ఆఫ్రికాకు ఒక సేవకుని పంపినది. అప్పటికి మన సంఘములు ధనికమైనవి కావు. ఆదివారము గుప్పెడు బియ్యము కానుకగా తెచ్చిన స్త్రీలున్న సంఘములు. మనము పుచ్చుకొనే సంఘమేగాని పంపే సంఘము కాదనే మాట చరిత్రకు సరిపడదు. రంగయ్య గారు మన డయాసిస్‌కు చెందినవారు కారు, మరొక శాఖవారు. అయినా ఆ సాక్ష్యము తెలుగు సంఘమంతటిదీ.

ఇప్పుడు క్రైస్తవ సంఘము నుండి తెలుగు సమాజమంతటి వైపు చూద్దాము. ఒప్పందము తీరిన తెలుగువారు కూరగాయల తోటలు వేశారు, రైల్వేలో, మునిసిపాలిటీలో, చక్కెర మిల్లులలో పనిచేశారు. ఊరిలో మనము ఇంటిపేరుతో పిలుచుకుంటాము గదా, అక్కడ నాయుడు, రెడ్డి వంటి పేర్లే వంశపు పేర్లుగా నిలిచాయి. ఆ దేశములో నాయుడు అనే పేరు నేడు ఎంత సామాన్యమో! ప్రభుత్వము వారి పిల్లలకు చాలినన్ని బడులు కట్టలేదు. అందుచేత అక్కడి భారతీయులు తామే చందాలు వేసుకొని, సగము ఖర్చు భరించి, మిగిలినది ప్రభుత్వముచేత ఇప్పించి బడులు కట్టుకున్నారు. పగలు చెరకు నరికినవాడు సాయంకాలము ఇటుక మోసి కట్టిన బడిలో అతని మనుమడు వైద్యుడగుటకు, న్యాయవాది యగుటకు తొలి అక్షరములు నేర్చుకున్నాడు.

1929 నుండి 1932 వరకు భారత ప్రభుత్వ ప్రతినిధిగా దక్షిణ ఆఫ్రికాలో ఉన్నవారు మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారు. ఆయన ప్రోత్సాహముతో అక్కడి తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకున్నారు. మద్రాసీలనే గుంపులో కలిసిపోయినవారు, ఓడ దిగిన 71 సంవత్సరములకు, "మేము తెలుగువారము" అని ఒక పేరుతో నిలుచున్నారు. ఉగాది జరుపుకోవడము, పిల్లలకు తెలుగు నేర్పడము, భజనలు, నాటకములు ఆ సభ క్రింద సాగాయి. మారిషస్‌లోని తెలుగువారు కూడ 1946లో తమ ఆంధ్ర మహాసభ ఏర్పరచుకున్నారు. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినము.

కష్టము అంతటితో తీరలేదు. 1950లో వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టము జాతినిబట్టి నివాసములను విడదీసింది. డర్బన్‌లో కేటో మేనర్ వంటి చోట్ల తమ చేతులతో కట్టుకున్న ఇండ్లనుండి భారతీయులను ఖాళీ చేయించి, చాట్స్‌వర్త్‌కు, తరువాత ఫీనిక్స్‌కు తరలించారు. ఇంటితోపాటు పొరుగు పోయింది, దగ్గరి గుడి, బడి, ప్రార్థన స్థలము పోయాయి. కొత్తచోట మరల మొదటినుండి కట్టుకున్నారు. వారి తాతలు చేసిన పనినే మరొకసారి చేశారు. మందిరము పోయినా సంఘము పోకుండ నిలిచినది, ఎందుకనగా అది గోడలలో లేదు, కలిసి చందా వేసుకొనే అలవాటులో ఉన్నది.

చివరకు 1996లో ఆ దేశము వ్రాసుకున్న రాజ్యాంగములో, గౌరవించి పెంపొందించవలసిన భాషల వరుసలో తెలుగు పేరు చేరినది. సంతకము రానివారి భాష ఒక దేశపు రాజ్యాంగములోకి ఎక్కినది. నంబరుగా దిగినవాని మనుమలు తమ భాషను పేరుపెట్టి పిలిపించుకున్నారు. ఇది సామాన్యమైన ఘనత కాదు.

ప్రియులారా, ఇక్కడ ఆపి చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్ళవచ్చును. గాని కథలో రెండవ సగము చెప్పకపోతే నేను మీకు న్యాయము చేసినవాడను కాను. 2011 జనాభా లెక్కలలో దక్షిణ ఆఫ్రికాలోని భారతీయులు, ఇతర ఆసియావారిలో నూటికి సుమారు 86 మంది తమ ఇంటి భాష ఇంగ్లీషు అని వ్రాయించారు. సభ నిలిచింది, పండుగ నిలిచింది, పేరు నిలిచింది, రాజ్యాంగములో మాట నిలిచింది. ఇంటిలో మాట మాత్రము జారిపోయింది. తెలుగులో ఆరంభమైన ఆ బాప్తిస్టు సంఘములలో కూడ ఆరాధన క్రమముగా ఇంగ్లీషులోనికి మారినది. దీనికి వారిని నిందించరాదు. బడిలో తెలుగు లేదు, ఉద్యోగములో తెలుగు లేదు. గాని ఒక సంగతి స్పష్టము. సంస్థ కట్టగలిగినది సంస్థ కట్టింది. అన్నము పెట్టేటప్పుడు తల్లి మాట్లాడే మాటను ఏ మహాసభ కూడ బదులుగా మాట్లాడలేదు.

ఈ మాట కిషన్‌బాగ్‌లో ఎందుకు చెప్పుచున్నాను? మనము సముద్రము దాటలేదు. అయినా ఈ పాతబస్తీలో తెలుగు మాట్లాడే మన కుటుంబములు కొద్ది. వీధిలో ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, తెలుగు కేవలము ఇంటిలోను, ఆదివారము ఆరాధనలోను. ఉర్దూ మన పొరుగువారి తీయని భాష. అది మన పిల్లలకు వచ్చుట ఆశీర్వాదమే. ఇంగ్లీషు అన్నము పెట్టే భాష; దానిని వద్దనువాడు లేడు. అయితే మన పిల్లలు పాటల పుస్తకము మూసి, ఫోనులో ఇంగ్లీషు అక్షరములతో వ్రాసిన తెలుగు పాట చూచి పాడుచున్నారు. వాక్యము చదువుమంటే ప్రక్కవానికి అందిస్తున్నారు. పాట నోటిలో ఉన్నది, అక్షరము కంటికి తెలియదు. నాటాల్‌లో మూడు నాలుగు తరములకు జరిగినది మన చేతులలో ఒక తరములోనే జరుగుచున్నది.

యిర్మీయా ప్రవక్త బబులోనులో చెరనున్నవారికి వ్రాసిన ఉత్తరమును తలంచుకొనండి. ఇండ్లు కట్టుకొనుమన్నాడు, తోటలు నాటుకొనుమన్నాడు, ఆ పట్టణపు క్షేమము కోరుమన్నాడు. తమ భాషను, తమ దేవుని మరచిపొమ్మని అతడు చెప్పలేదు. వచ్చిన ఊరికి మేలు చేయుట, వచ్చిన మూలమును నిలుపుకొనుట, ఈ రెండును ఒక్క మనుష్యుడు చేయగలడు.

కనుక నేను రెండు పనులు మీ ముందుంచుచున్నాను. మొదటిది, ఆదివార పాఠశాలలో అరగంట తెలుగు అక్షరములకు కేటాయించుదాము. దీనికి డయాసిస్ ఆఫీసునుండి డబ్బు రానక్కరలేదు. పెద్దబాలశిక్ష చదివిన తాతలు, అమ్మమ్మలు మన బెంచీలమీదనే కూర్చున్నారు. పలక, బలపము చాలు. ఇంటిలో రోజుకొక అధ్యాయము బిడ్డచేత గట్టిగా చదివించే పని మాత్రము తలిదండ్రులది. దానిని సంఘము మీద వేయవద్దు.

రెండవది, మన చుట్టు కట్టుచున్న భవనములను చూడండి. పాలమూరు నుండి, ఒడిశా నుండి, బీహారు నుండి వచ్చిన కూలీలు రేకుల షెడ్లలో ఉన్నారు. నాటాల్ తోటలలో మనవారు ఎదురుచూచినది ఇటువంటి స్థితిలోనే. తమ పేరు అడిగేవాడు, తమ మాట వినేవాడు వస్తాడని వారు ఎదురుచూచారు. ఆ షెడ్లలోని జ్వరపు బిడ్డను ఆసుపత్రికి తీసుకొనిపోవడానికి, ఫారము నింపిపెట్టడానికి, వానలో టార్పాలిన్ ఇవ్వడానికి మతము అడగనక్కరలేదు, మనిషి పేరు అడిగితే చాలును. స్త్రీల మైత్రివారు నెలకొకసారి ఈ పని చేపడితే యౌవనస్థులు మోతకు వస్తారని నా నమ్మకము.

ఒక నూరు సంవత్సరములు నిండిన డయాసిస్‌కు జ్ఞాపక స్తంభము కావాలని కొందరు అడిగారు. రాతి స్తంభము మంచిదే. అయితే వచ్చే సంవత్సరము ఈ మందిరములో పది సంవత్సరముల బిడ్డ లేచి నిలిచి, తడుముకోకుండ తెలుగులో పాఠము చదివితే, ఆ పఠనమును ప్రక్క షెడ్డునుండి వచ్చిన ఒక కూలీ కుటుంబము మన బెంచీలలో కూర్చుండి వింటే, నూరేండ్ల పండుగ మనము సరిగా చేసుకున్నట్టే. దేవుడు మనకు ఆ కృప దయచేయునుగాక.