కొరమీనును వాగున విడుచుటకు ముందు



కిన్నెరసాని, ముర్రేడు, తాలిపేరు, శబరి - ఈ పేరులు విన్నంతనే ఖమ్మము, భద్రాచలముల అడవిసీమ కన్నులకు గట్టును. ఈ సీమ పాలనము పలుమాఱులు చేతులు మాఱినది. పూర్వము ఖమ్మము నైజాము రాజ్యములోనిది, భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. 1953 లో ఖమ్మము జిల్లా యేర్పడెను. 1959 లో భద్రాచలము, నూగూరు తాలూకాలు అందు జేరెను. 2014 లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు బోయెను. 2016 లో భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లా యయ్యెను. గీతలెన్ని మాఱినను వాగులు మాత్రము ఆ గీతల నెఱుగవు. ఆ వాగులలో నుండదగిన యొక చేపను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. అది కొరమీను.

కొరమీను తెలంగాణమునకు రాష్ట్ర మత్స్యము. పాము తలవంటి తల, నల్లని వీపు, తక్కువ ముండ్లు, మంచి రుచి దాని లక్షణములు. సంతలో దాని వెల యెంతో మీకు నేను చెప్పనక్కఱలేదు. అయినను మీ బాల్యమున మీ వాగు మడుగులో గాలమునకు జిక్కిన కొరమీను నేడు మీ మనుమనికి అదే మడుగున చిక్కుచున్నదా? లేదని చెప్పు పల్లెలు పెక్కులు. అంతట తోచు ఉపాయము, ఎచ్చటి నుండియో పిల్లలను దెచ్చి వాగున గ్రుమ్మరించుట. చెఱువుల విషయమున ఇట్టి పని జరిగినది కూడ. 2016 మొదలు తెలంగాణ ప్రభుత్వము బొచ్చె, శీలావతి మొదలగు వాని పిల్లలను చెఱువులలోను జలాశయములలోను ఉచితముగా విడిపించినది. కాని చెఱువున విడిచిన చేపను పెంచి, పట్టి, అమ్ముకొందురు. మఱుసటి యేడు మఱల విడుతురు. వాగున తిరిగి నెలకొల్పదలచిన చేప అట్టిది కాదు. అది తనంతట తాను బ్రతికి, జతగూడి, పిల్లలను బెట్టి, మనము మఱల విడువ నక్కఱలేకుండ వంశమును నిలుపుకొనవలెను. కాబట్టి నేను చెప్పవచ్చిన మాట యొక్కటియే: చేపను వెదకుటకు ముందు వాగును పరీక్షింపవలెను. వాగు తగినది కానిచో చేపను విడువరాదు.

ఈ మాట నాకు మాత్రమే తోచినది కాదు. ప్రకృతి సంరక్షణ కొఱకు పని చేయు అంతర్జాతీయ సంఘము 2013 లో ఇట్టి కార్యములకు నియమములు ప్రకటించినది. ఒక ప్రాణి యొకచోట నశించినపుడు, నశించిన కారణమును తెలిసికొని దానిని తొలగించిన పిదపనే ఆ ప్రాణిని తిరిగి తేవలెనని వాని సారము. ఐరోపాలోని రైను నదియే దీనికి దృష్టాంతము. ఆ నదిలో సాల్మను అను చేప 1950 ప్రాంతమునకు రూపుమాసినది. 1986 లో బాసెలు నగరము చెంత రసాయనముల గిడ్డంగి తగులబడి విషము నదిలో గలియగా చేపలు తుట్టెలుగ చచ్చెను. ఆ మఱుసటి యేడు తీరదేశములన్నియు గూడి సాల్మనును తిరిగి రప్పింప నిశ్చయించినవి. వారు పిల్లలను విడుచుటతో సరిపెట్టుకొనలేదు. నీటిని శుభ్రపఱచిరి, ఆ చేప గ్రుడ్లు పెట్టదగిన గులకరాతి వాగు లేవేవో చూచిరి, ఆనకట్టలయొద్ద చేప యెక్కుటకు మెట్లు గట్టిరి. క్రమముగా సాల్మను మఱల కనబడజొచ్చినది.

మన కొరమీను సాల్మను వలె దూరయానము చేయదు. దాని కోరిక వేఱు. అది నీటిలోని ప్రాణవాయువుతోనే తృప్తి పడక, పైకి వచ్చి గాలి పీల్చును. పైకి రానీయక అడ్డినచో నీటిలోనే యుక్కిరిబిక్కిరియై చచ్చును. నీరింకినపుడు తడిబురదలో కొంతకాలము ప్రాణము నిలుపుకొనును. దానికి వలసినది మెల్లగా కదలు నీరు, లేదా నిలిచిన మడుగు. వానకాలమున జంటగూడి, గడ్డి నడుమ గుండ్రని తావును శుభ్రపఱచి గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిపై దేలును. ఎఱ్ఱని పిల్లలు గుంపుగా నెచ్చటి కేగిన తల్లిదండ్రులు అచ్చటికి కాపు గాయుచు బోవును. ఆ కాపున్న పెద్దచేపను గొట్టినవాడు ఒక చేపను గాదు, ఒక సంసారమునే గూల్చినవాడగును.

ఇంక పరీక్ష యెట్లు చేయవలెనో చెప్పెదను.

మొదటిది నీరు. శ్రావణమాసమున ప్రతి వాగును నిండుగనే యుండును. అప్పుడు చూచి మురియుట మోసము. రోహిణికార్తెలో పోవలెను. అడుగులు గుఱుతు వేసిన కఱ్ఱను మడుగు నడుమ దింపి లోతు వ్రాసికొనవలెను. ఒక యేటి లెక్క చాలదు. మూడేండ్ల లెక్క చూడవలెను. ఎండలు ముదిరిననాడు నడుము లోతైన నిలుచు మడుగే వాగునకు ప్రాణము. ఆనకట్టకు దిగువనున్న మడుగు కేవలము వానను బట్టి యుండదు, తూములను బట్టియు నుండును. కావున పాల్వంచ చెంత జలాశయమునకు దిగువ కిన్నెరసానిని చూచునపుడు నీరు విడుచు వేళలను గూడ విచారింపవలెను. ఆ జలాశయమున మొసళ్లు గలవు గనుక అచ్చట నీట దిగి కొలుచు సాహసము వలదు.

రెండవది ఒడ్డు. తుంగ, గడ్డి, చెట్ల వేళ్లు ఒడ్డున నున్నచో కొరమీనుకు గూడు దొరకును. ఇసుక త్రవ్వి ఒడ్డులు నిట్టనిలువుగ దెగినచోట గూడుండదు. గుఱ్ఱపుడెక్క నీటి పైభాగమంతయు గప్పినచో చేపకు గాలి పీల్చు సందు చిక్కదు.

మూడవది ఆహారము. కొరమీను మాంసాహారి. చిన్న చేపలు, కప్పలు, పురుగులు సమృద్ధిగ నుండవలెను. ఇచ్చట నొక హెచ్చరిక చేయవలసియున్నది. కొండలోయలలో రాళ్లపై వడిగా బాఱు సన్నని వాగులు కొరమీనుకు తగవు. అచ్చట బ్రతుకు చిన్నచేపలు వేఱు జాతులవి. వాని నడుమ వేటచేపను విడుచుట మేలు చేయబోయి కీడు చేయుటయే.

నాల్గవది శత్రువులు. వాగునకు ఎగువ ప్రత్తి, మిరప చేలున్నవా? తొలివానకు ఆ మందులు ఎచ్చటికి బాఱుచున్నవి? విషము గలిపియో, తూటాలు ప్రేల్చియో, విద్యుత్తు బెట్టియో చేపలు పట్టువారున్నారా? ప్రేలుడు పదార్థములను, విషమును ఉపయోగించుట 1897 నాటి మత్స్యచట్టముననే నేరము. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అను పెనుచేప ఆ వాగున చేరియున్నదా? దాని పెంపకమును మన ప్రభుత్వము 2000 లో నిషేధించినది. భద్రాచలమున గోదావరి 1986 లో 75.6 అడుగులు, 2022 లో 71.3 అడుగులు పొంగెను. అట్టి పొంగులో నది వాగులలోనికి వెనుదన్నును. ఒకచోటి చేప మఱియొకచోటికి జేరును. ఒక గ్రామము చేసిన తప్పు ఆ గ్రామముతో నాగదు.

ఈ నాలుగును సరిపోయినపుడు పిల్లల మాట. వానిని ఈ గోదావరి వాగుల సంతతి నుండియే తీసికొనుట మేలు. 1988 లో మన దేశమున బ్రవేశించిన పుండ్లరోగము కొరమీనును మిక్కిలి పీడించును. కావున ఒంటిపై మచ్చగాని పుండుగాని యున్న చేపతో కూడినవానిని తేరాదు. మత్స్యశాఖవారికి చూపింపవలెను, అభయారణ్యములోని నీరైనచో అటవీశాఖ యనుమతి పొందవలెను.

అన్నిటికంటె పెద్ద పరీక్ష మన ఊరిదే. మృగశిర ప్రవేశించిననాడు చేప తినుట మన ఆచారము. ఆ తొలకరియే కొరమీను జంటగట్టు కాలము. ఆచారమును మానుమని నేననను. ఆనాడు చెఱువు చేపను తినవచ్చును. వాగు మడుగులో మాత్రము తొలకరి మొదలు పిల్లలు విడివడువఱకు వల వేయరాదని ఊరు కట్టడి చేసికొనవలెను. గిరిజన ప్రాంతములలో చిన్న నీటివనరుల నిర్వహణమును పంచాయతీల కప్పగింపవలెనని 1996 నాటి చట్టము చెప్పుచున్నది. కావున కోయపెద్దలును, చేపలు పట్టి బ్రతుకువారును, ఎగువ రైతులును ఒకచోట గూర్చుండి ఒప్పుకొననిదే యీ కార్యము నిలువదు. చేపలు పట్టి కూడు దినువారిని విడిచి చేసిన కట్టడి వారము దినములైన నిలువదు.

ఇంత చూచిన పిమ్మట, మా వాగు ఇంకను తగదు అని తేలవచ్చును. అందులో సిగ్గుపడవలసినది లేదు. విషమును మాన్పి, ఒడ్డున తుంగను పెరుగనిచ్చి, ఒక్క మడుగును కాపాడినచో, ఏ మూలనో మిగిలిన కొరమీను వరదతో దానియంతట అదియే వచ్చి చేరవచ్చును. అప్పుడు మనము చేపను తేవలసిన పనియే యుండదు. రాబోవు రోహిణిలో గుఱుతుల కఱ్ఱ యొకటి చేతబట్టి, మీ మడుగు లోతెంతయో చూచి వ్రాసి యుంచుడు. మొదలు పెట్టవలసినది అచ్చటనే.