చూసిందే రాయి
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగం)

 

ఇవాళ సభకు వస్తూ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ముందు ట్రాఫిక్‌లో చిక్కుకున్నాను. ఆ భవనం 1998లో ప్రారంభమైంది. మనం చదువుకునే రోజుల్లో అటంతా బండరాళ్లు, తుమ్మచెట్లే. పాడైన రేడియో స్పీకరులోంచి అయస్కాంతం ఊడబీకి, ఇసుకలో తిప్పి, అతుక్కున్న నల్ల రజనును అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం, గుర్తుందా? నా పరిశోధనంతా ఆ రజను చుట్టూనే తిరిగింది.

అందులో ఉండేది ముఖ్యంగా మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడు. దాన్ని సుమారు 10 నానోమీటర్ల రేణువులుగా చేసి, ఒకదానికొకటి అంటుకోకుండా పూత పూసి నూనెలో కలిపితే ఫెర్రోఫ్లూయిడ్ అవుతుంది. రాకెట్ ఇంధనాన్ని అయస్కాంతంతో లాగవచ్చని నాసాలో స్టీవ్ పాపెల్ 1963లో దీన్ని తయారుచేశారు. చివరకు అది స్పీకర్ల కాయిల్ చల్లబరచడానికి, చిప్పులు తయారుచేసే యంత్రాల్లో తిరిగే షాఫ్టుకు సీలుగా ఉపయోగపడింది.

నేను పనిచేసింది దాని అన్నలాంటి ద్రవం మీద. 1940ల చివర్లో జాకబ్ రాబినో కనిపెట్టిన ఈ ద్రవంలో ఇనుప రేణువులు మైక్రాన్ల సైజులో, అంటే వందల రెట్లు పెద్దవిగా ఉంటాయి. అయస్కాంత క్షేత్రం తగలగానే మిల్లీసెకన్లలో గట్టిపడుతుంది, తీసేస్తే మళ్లీ పారుతుంది. అందుకే కార్ల షాక్ అబ్జార్బర్లలో వాడుతున్నారు. దీనికో పెద్ద జబ్బు ఉంది. కదపకుండా ఉంచితే ఇనుమంతా అడుక్కి దిగిపోతుంది.

ఒక ప్రాజెక్టులో నా ద్రవం మొదటిరోజు పరీక్షలో అద్భుతంగా పనిచేసింది. నలభై రోజులయ్యాక సీసా తీస్తే అడుగున గడ్డ. తెల్లారితే రిపోర్టు ఇవ్వాలి. మొదటిరోజు లెక్కలు మాత్రమే రాస్తే అడిగేవారు లేరు.

ఆ రాత్రి తొమ్మిదో తరగతి సైన్సు రికార్డు గుర్తొచ్చింది. పుస్తకంలోని జవాబు దించి రాస్తే, సారు ఎర్రసిరాతో పేజీ మొత్తం కొట్టేసి, "పుస్తకంలో ఉన్నది నాకూ తెలుసురా. నువ్వు చూసింది రాయి" అన్నారు.

రెండు లెక్కలూ రాశాను. ప్రాజెక్టుకు మళ్లీ డబ్బు రాలేదు. రెండేళ్లు సహాయకులు లేకుండా ఒక్కణ్ణే పనిచేశాను. కానీ ఆ గడ్డ గురించి రాసుకున్న కొలతలే నాకు తర్వాతి దారి చూపించాయి. రేణువులు దిగిపోకుండా పూర్తిగా ఆపలేకపోయాను. కొద్దిగా కుదిపితే మళ్లీ కలిసిపోయేలా మాత్రం చేయగలిగాను. ముప్ఫై ఏళ్లలో నేను సంపాదించింది అదే.

మిత్రులారా, మనలో చాలామంది ఆ టవర్లలోనే పనిచేస్తున్నారు. బడికి చందాతోపాటు నెలకో శనివారం కూడా ఇవ్వండి. ల్యాబులో ఒక పిల్లవాడి పక్కన నిలబడండి. అయస్కాంతం, గుప్పెడు ఇసుక చాలు. వాడు చూసిందే రాయనివ్వండి. తప్పొచ్చినా సరే, కొట్టేయకండి.

సెలవు.