ఇంటికొక నీరుగంటి



హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములవారి యెదుట నీటి భయమును గూర్చి ప్రసంగించుట కొంత వింతగా తోచవచ్చును. మన సీమలో సంవత్సరమంతయు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మబ్బు కొరకు ఆకాశము వంక చూచుటయే మనకు అలవాటు. "నీరు లేదని బాధపడువారికి నీరు వచ్చుచున్నదను హెచ్చరిక యేల?" యని మీలో నెవరైన నవ్వినచో నేను తప్పు పట్టను.

కాని ఆలోచించి చూడుడు. ఆ కొద్ది వానయు ఏడాది పొడుగునను సమముగా కురియదు. కొన్ని దినములలోనే కుంభవృష్టిగా దిగును. ఎండి గట్టిపడిన నేల దానిని త్రాగలేదు. ఏండ్ల తరబడి నీరు పారని వంకలలో మనము ఇండ్లు కట్టుకొంటిమి. వంక మాత్రము తన త్రోవను మరువలేదు. 2021 నవంబరు 19వ తేదీన చిత్రావతి పొంగి, చెన్నేకొత్తపల్లి మండలమందలి వెల్దుర్తి వద్ద పదిమంది నడుమ ఏటిలో చిక్కుకొనగా, వాయుసేన హెలికాప్టరు వచ్చి వారిని రక్షింపవలసి వచ్చినది. మరుసటి యేడు, 2022 అక్టోబరులో, అనంతపురము పట్టణమున నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగినవి. కరవు మనలను నెమ్మదిగా కృశింపజేయును; వరద ఒక్క రాత్రిలో వచ్చి పోవును. రెండింటికిని సిద్ధముగా నుండుట ఈ సీమవారి విధి.

ఈనాటి ప్రసంగము పెద్ద వరదలను గూర్చి కాదు. ఇంటిలోనికి చప్పుడు లేక వచ్చు చిన్న నీటిని గూర్చి. పెద్ద వరద కేకలు వేయుచు వచ్చును. చిన్న నీరు దొంగవలె వచ్చును. అర్ధరాత్రి గుమ్మము క్రిందనుండి జారును. గోడ మొదట ఊరును. మిద్దెమీది తొట్టి నిండి పొరలి వంటయింటిలోనికి దిగును. తెల్లవారి లేచి కాలు క్రింద పెట్టినప్పుడు గాని మనకు తెలియదు. అప్పటికి జరుగవలసిన నష్టము జరిగియుండును.

ధర్మవరమునందలి ఒక నేతయిల్లు మనసునకు తెచ్చుకొనుడు. క్రియాశక్తి ఒడయరు చెరువు కట్టించి, తన తల్లి ధర్మాంబ పేర ఊరు నెలకొల్పెనని ప్రతీతి కల పట్టణమది. నేడు పట్టుచీరలకు ప్రసిద్ధి కెక్కినది. అచ్చటి పాత యిండ్లలో మగ్గము నేలలో త్రవ్విన గుంటపై నుండును. నేతగాడు గుంట అంచున కూర్చుండి, కాళ్లు గుంటలోనికి దింపి, చెక్కలను త్రొక్కుచు నేయును. ఇంటిలోనికి వచ్చిన నీరు మొట్టమొదట చేరునది ఆ గుంటకే. బయట నీరు నిలిచినచో, గుమ్మము దాటకయే, నేలలో నుండి ఊరియు వచ్చును. పైన సాగదీసి కట్టిన పడుగు పట్టు, అందులో జరీ. తేమ తగిలిన పోగు బిగువు మారును; రంగు కారవచ్చును; జరీ మెరుగు తగ్గును. ఆ పట్టు పలుమారు అప్పు తెచ్చి కొన్నదో, పనికై ఇతరులు నమ్మి యిచ్చినదో యై యుండును. చీర పాడైన నష్టము ఒకటి. గుంట ఎండువరకు పని లేక కూర్చున్న దినముల కూలి మరియొకటి. ఆ ఇంటివారు గంట ముందుగా మేల్కొనియున్నచో, గుంటలోని నీరు తోడి పోయుదురు. పడుగు పైకెత్తి కట్టుదురు. నేసిన బట్టను అటకమీద పెట్టుదురు. ఆ ఒక్క గంట కాలమును సంపాదించి యిచ్చు సాధనమును గూర్చియే నేను చెప్పదలచినది.

దీనిని నీటి హెచ్చరిక గంట యందురు. చేతిలో ఇమిడిపోవు చిన్న పెట్టె. దాని అడుగున రెండు లోహపు మొనలు ఒకదాని కొకటి తగులకుండ నుండును. లోపల బ్యాటరీయు, శబ్దము చేయు బజరును ఉండును. పొడిగా నున్నంతవరకు ఆ రెండు మొనల నడుమ విద్యుత్తు పారదు. నీరు వచ్చి రెండింటిని కలిపినప్పుడు, ఆ నీటి గుండ సన్నని విద్యుత్తు పారును. లోపలి ట్రాన్సిస్టరు ఆ సన్నని ప్రవాహమును గుర్తించి బజరును మ్రోగించును. ఇంతకు మించి రహస్యము లేదు. నేలపై పారి వచ్చిన నీటిలో మన్నును ఉప్పును కలిసియుండును గనుక అది విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును. బ్యాటరీతో పనిచేయునది గనుక ఊరిలో కరెంటు పోయినను ఇది మ్రోగును. వానరాత్రులలో కరెంటు పోవుట మీకు క్రొత్త కాదు గదా.

దీనిని ఎక్కడ పెట్టవలెను? నీరు ముందుగా చేరు చోట. పలువురు కనులకు కనబడునట్లు అరుగుమీద పెట్టుకొందురు. అది వ్యర్థము. నేతయింట మగ్గపు గుంట మూలలో, అడుగునుండి రెండు వ్రేళ్ల యెత్తున కట్టవలెను. మట్టిమిద్దె యింట, ఎప్పుడును కారు మూల క్రింద పెట్టవలెను. ధాన్యపు బస్తాలున్న గదిలో గుమ్మము లోపలి వైపున నేలకు ఆనించి పెట్టవలెను. ఇంటిలో ఏ మూల పల్లమో తెలియనిచో, చెంబెడు నీరు నేలపై పోసి అది ఎటు పోవునో చూడుడు. అది పోయి నిలిచిన చోటే గంటకు తగిన చోటు.

మిద్దెమీది తొట్టికి వేరొక విధమైన గంట కలదు. దాని మొనలు తొట్టి అంచునకు కొంచెము దిగువగా వ్రేలాడును. నీరు అంతవరకు రాగానే మ్రోగును. ఇది మన పల్లెలకు మిక్కిలి అవసరము. పగలు కరెంటు లేనప్పుడు మోటారు మీట వేసి మరచిపోవుట సామాన్యము. నడిరేయి కరెంటు వచ్చును, మోటారు తిరుగును, తొట్టి నిండి గోడల వెంట నీరు దిగును. ఇల్లు తడియుట ఒక నష్టము. బోరు నీరు వృథా యగుట అంతకు తక్కువ నష్టము కాదు. బిందెల వరుసలో నిలిచి నీరు పట్టుకొన్న హిందూపురము వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. కొళాయినుండి సెకనునకు ఒక్క బొట్టు కారుచున్నదనుకొనుడు. దినమునకు 86,400 సెకనులు. ఇరువది బొట్టులు ఒక మిల్లీలీటరు అని లెక్క వేసినచో, దినమునకు నాలుగు లీటర్లకు పైగా పోవును. సంవత్సరమునకు పదునైదువందల లీటర్లు దాటును. బొట్టే గదా యని ఉపేక్షించినది బండెడు పీపాయైనది.

ఇక ఈ గంట చేయలేని పనులను గూడ చెప్పవలెను. లేనిచో నేను అంగడివాని పక్షమున మాటలాడినట్లగును. ఇది నీటిని ఆపదు, పిలుచును, అంతే. పిలిచినప్పుడు లేచువారుండవలెను. ఇంటిలో చెవుడు గల వృద్ధులు మాత్రమే యున్నచో, ప్రొరుగింటి వారికి వినబడునట్లు అమర్చుకొనవలెను. బ్యాటరీ కాలక్రమమున నీరసించును. కావున నెలకొకమారు, అమావాస్యనాడో పున్నమనాడో గుర్తు పెట్టుకొని, తడి వ్రేలితో రెండు మొనలను తాకి చూడవలెను. మ్రోగిన మంచిది, మ్రోగనిచో బ్యాటరీ మార్చవలెను. మొనలకు మట్టియో చిలుమో పట్టినచో తుడువవలెను. మరియొక మాట మిక్కిలి ముఖ్యమైనది. గంట మ్రోగి లేచినప్పుడు నీటిలో కాలు పెట్టి గోడమీది మీటలను తాకకుడు. పొడినేలపై నిలిచి మెయిన్ స్విచ్చి ఆపగలిగిననే ఆపుడు. ప్లగ్గుల యెత్తునకు నీరు వచ్చినచో వస్తువులను విడిచి, పిల్లలను వృద్ధులను తీసికొని బయటికి పొండు. పట్టు పోయిన మరల కొనవచ్చును.

ఈ ఆలోచన క్రొత్తదని మీరు తలపవలదు. మన చెరువులకు నీరుగంటి యుండెడివాడు. తూము తెరచుట, మూయుట, మడులకు నీరు పంచుట అతని పని. వానరాత్రి కట్టవెంట తిరిగి, మరువ పారుచున్నదో లేదో, కట్ట ఎక్కడనైన ఊరుచున్నదో చూచి ఊరిని మేల్కొలుపుట గూడ అతని పనియే. ఆ వృత్తి నేడు పలు గ్రామములలో మూలబడినది. ఆ పేరిలో గంట యను మాట వినబడుట కాకతాళీయమే కావచ్చును. కాని నేను చెప్పుచున్న పెట్టె, ఇంటి గుమ్మములో కాపున్న చిన్న నీరుగంటియే.

నీటిని కట్టిపెట్టిన వారు దాని గుణమును గూడ ఎరిగియుండిరి. 1388లో ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండగా, ప్రాణులకు నీరే ప్రాణమని తలచి, పెన్నానదిని పెనుకొండకు తేవలసినదని జలసూత్రజ్ఞుడైన సింగయభట్టుకు ఆజ్ఞ యిచ్చెను. అతడు సిరువేర చెరువునకు కాలువ త్రవ్వించెనని శాసనము చెప్పుచున్నది. అంతకు ముందే, 1369లో, కడప సీమయందలి పోరుమామిళ్ల చెరువు శాసనము మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు ఉండరాని ఆరు దోషములను పేర్కొనినది. ఆ దోషములలో మొదటిది యేది? కట్టనుండి నీరు ఊరుట. ఆరువందల యేండ్లకు పూర్వమే మన పెద్దలు ఊటను ప్రథమ దోషముగా లెక్కించిరి.

కావున, ఇంటికి గంట పెట్టుకొన్నవారు ఊరి చెరువును మరువరాదు. కట్ట వెనుక ఊరు నీరు తేటగా నున్నచో గమనించుచుండవలెను. అది మురికిగా, మన్ను కలిసి వచ్చుచున్నచో ఉపేక్షింపరాదు. అనగా కట్టలోని మట్టి కొట్టుకొనిపోవుచున్నదని అర్థము. లోపల సొరంగము పెరుగుచున్నది. అదే గండికి మొదలు. అట్టి చోట బయటి రంధ్రమును మట్టితో మూసివేయుట తప్పు. నీరు మరియొక చోట దారి చేసికొనును. చుట్టును ఇసుక బస్తాలు పేర్చి, నడుమ ఇసుకయు దానిపై కంకరయు పోసినచో, నీరు పోవును గాని మన్ను నిలుచును. వెంటనే ఇంజనీరుకు కబురు పంపవలెను. కట్ట దిగువనున్న వారిని లేపవలెను.

హెచ్చరిక యుండియు వినకపోయిన కథ ఒకటి చెప్పి ముగించెదను. అమెరికాలో జాన్స్‌టౌన్ అను పట్టణమునకు ఎగువన ఒక మట్టికట్ట యుండెను. 1889 మే 31న కట్ట తెగనున్నదని తంతివార్తలు వచ్చినవి. అంతకు ముందు పలుమారులు అట్టి వదంతులు పుట్టి అబద్ధమైయుండుటచే జనులు వానిని లెక్కచేయలేదు. ఆనాడు రెండువేల రెండువందల మందికి పైగా మరణించిరి. దీనినుండి మనము నేర్వవలసినది రెండు విధములు. ఊరక మ్రోగు గంటను బాగుచేయక విడిచిపెట్టరాదు; ఏలయన, అది నిజముగా మ్రోగిన దినమున ఎవరును లేవరు. మరియు, పదిమారులు అబద్ధమైనను పదునొకటవమారు లేచి చూడవలెను. లేచి చూచుటకు పట్టునది ఒక నిమిషము.

ఈ పెట్టె వెల సామాన్యముగా కొన్ని వందల రూపాయలలో నుండును. కొనలేని యిండ్లున్నచో, ఊరి పెద్దలైన మీరు కలిసి, పల్లపు వీధిలో పది యిండ్లకు ఒకటియైనను పెట్టింపుడు. బడిలో సైన్సు చెప్పు ఉపాధ్యాయుని అడిగినచో పిల్లలచేతనే చేయించి యిచ్చును. వారికి చదువు, మీకు కాపు. దానితోపాటు ఆ వీధిలో రాత్రి ఎవరు లేవవలెనో, ఎవరు ఎవరిని లేపవలెనో ఇప్పుడే నిర్ణయింపుడు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లని మన సామెత. నీటి విషయమునను అంతియే: నీరు గుమ్మము దాటిన పిమ్మట కూడి ఆలోచించిన ప్రయోజనము లేదు.

మా తాతగారు వానరాత్రులలో రెండుమారులు లేచి, గోడ మొదట అరచేయి ఆనించి చూచి మరల పండుకొనెడివారు. మేము నవ్వెడివారము. ఆయన యింట ఒక్క గింజయు తడియలేదు. అంత ఓపిక మనకు లేదు. కనుకనే ఆ అరచేతికి బదులుగా రెండు లోహపు మొనలను నిలిపియుంచుదము. అవి పిలిచినప్పుడు లేచు వివేకమును మాత్రము మనమే ఉంచుకొందము.