అంగడియు, ఆకలియు



వర్తకమునకు అడ్డు లేకున్నచో, ధర పెరిగిన చోటికి ధాన్యము తనంతతానే చేరునని కొందరి మతము. ఇందు సత్యము లేకపోలేదు. లాభము కనబడిన దిక్కునకే వర్తకుడు బండ్లు తోలును. కాని అంగడికి కాసుల చప్పుడు వినబడునంతగా కడుపుమంట వినబడదు.

1876-78 నాటి ధాత కరువును తలచుకొనుడు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో వానలు లేక పైరులు మాడెను. రైళ్లు ధాన్యమును తెచ్చుచునే యుండెను, ధరలును మిన్నంటెను. వర్తకమున జోక్యము కూడదని దొరతనమువారు నిశ్చయించిరి. పొలమున పనిలేని కూలివానికి కొట్టులో ధాన్యమున్న నేమి, లేకున్న నేమి?

1877 మొదట రిచర్డు టెంపులు దొర, కరువు పనులలో పురుషుని దినకూలిని ఒక పౌను ధాన్యము, పైని ఒక అణాకు తగ్గించెను. వ్యయము మితిమీరరాదని ఆయన చింత. ఆ కూలి ప్రాణము నిలుపజాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి కార్నిషు వాదించెను. కొన్ని నెలలకు కూలి పెంచిరి. అప్పటికే వేలకొలది ప్రాణములు పోయియుండెను.

ఉదారముగ నిచ్చిన జనులు సోమరులగుదురనువారు నాడును గలరు, నేడును గలరు. సహాయమునకు బదులు పని యడుగుట తప్పుగాదు. పనిచేసినవానికి కడుపు నిండని కూలి యిచ్చుట మాత్రము అన్యాయము. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టము చేసినపుడు, పని యడుగుట బిచ్చము గాదు, హక్కని పార్లమెంటు అంగీకరించెను.

గ్రామపెద్దలారా! కరువు దినమున మీ చావడి కొకడు వచ్చినపుడు, వీనిపై దయ చూపుదుమా యని గాక, వీనికి మనము చెల్లింపవలసిన దేమని విచారింపుడు. దయ మన యిష్టము. న్యాయము మన బాకీ.