దుఃఖానికి తలపై గుర్తు

మన మైలవరం వైపు తండ్రి పోతే కొడుకు గుండు చేయించుకుంటాడు, ఎండకు తువ్వాలు చుట్టుకుంటాడు. ఇంటి దుఃఖాన్ని ఊరికి చెప్పేది ఆ తలే.

ఇంగ్లండులో ఆ పని టోపీలు చేశాయి. 1861 డిసెంబరు 14న భర్త ఆల్బర్ట్ పోయాక, 1901లో తాను కన్నుమూసే దాకా విక్టోరియా రాణి శోకవస్త్రాలు విడవలేదు, వితంతువుల తెల్ల కుళ్లాయి పెట్టుకునేది. ఆ కాలంలో శోకపు టోపీలకు నల్లని క్రేప్ గుడ్డ వాడేవారు. ముడతలు తేలిన ఆ పట్టు వెలుగు తగిలినా మెరవదు. నెలలు గడిచేకొద్దీ క్రేప్ తగ్గి, బూడిద, ఊదా రంగులు వచ్చేవి.

తెల్ల కుళ్లాయి రాణి తనకు తానుగా ఉంచుకున్న గుర్తు. మన దగ్గర కొన్ని కులాల్లో వితంతువులకు బలవంతంగా గుండు చేయించి ముసుగు కప్పారు. వారి బతుకులు మార్చాలని కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు.

ఈనాడు సంస్మరణ కోసం టోపీ గానీ, తలపాగా గానీ తయారుచేసేవారు మన ఎండలకు తగిన పల్చని నూలు, మెరవని రంగు ఎంచుకోవాలి. పెట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం దుఃఖంలో ఉన్న మనిషి ఇష్టానికే వదిలేయాలి.