బంగారు పూతకు చెల్లించిన వెల



మన వాడుకలో గిల్టు అనగానే నకిలీ నగ అను తలంపు వచ్చును. అయితే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో ఐరోపా వస్తువుల గదులు చూచినవారికి ఆ మాటకు వేరొక అర్థము తెలియును. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు (1889–1949) సేకరించిన వస్తువుల ప్రదర్శనశాలను 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు ప్రారంభించిరి. 1968లో అవి మూసీ ఒడ్డుననున్న నేటి భవనమునకు చేరినవి. వాటిలో ఫ్రెంచి గడియారములు, కంచుపై బంగారు పూత గల అలంకార వస్తువులు ఉన్నవి.

అటువంటి ఫ్రెంచి వస్తువులలో కొన్నింటిపై రంగురంగుల ఎనామెల్ పని కూడ కనబడును. రంగు గాజును పొడి చేసి, లోహముపై చెక్కిన గుంటలలో నింపి, కొలిమిలో కరగనిచ్చుటయే ఎనామెల్. మన ఇండ్లలోని ఎనామెల్ పళ్లెము, నగలపై మీనా పని దీనికి చుట్టములే. 12, 13 శతాబ్దములలో ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణపు పనివారు ఈ విధముగా చేసిన సిలువలు, పెట్టెలు ఐరోపా దేవాలయములకు వెళ్లినవి. 19వ శతాబ్దమున పారిస్‌లో బార్బెడియన్ వంటివారి కార్ఖానాలు కంచును, బంగారు పూతను, ఎనామెల్‌ను ఒకే వస్తువులో కలిపినవి.

ఇక పూత సంగతి. బంగారమును పాదరసములో కలిపి వెన్నవంటి ముద్ద చేయుదురు. దానిని శుభ్రపరచిన లోహముపై పూసి నిప్పుసెగ చూపుదురు. పాదరసము ఆవిరియై పోవును, బంగారము అంటుకొని నిలుచును. ఆ ఆవిరి పోయినదెక్కడికి? పనివాని ఊపిరిలోనికి. చేతులు వణకెను, చిగుళ్లు వాచి పళ్లు ఊడెను. ఎందరో నడివయస్సు చేరకయే మరణించిరి. రాజభవనములు మెరిసినవి గాని, మెరిపించినవారి పేర్లు ఎవరును వ్రాయలేదు.

ఈ బాధను తలంచిన యజమాని ఒకడుండెను. పారిస్‌లో కంచు వస్తువులు చేయించి ప్రఖ్యాతి పొందిన రావ్రియో 1814లో మరణించెను. పాదరసము నుండి పూత పనివారిని కాపాడు ఉపాయము కనిపెట్టినవారికి ఇమ్మని 3,000 ఫ్రాంకులు వీలునామాలో వ్రాసి పోయెను. 1818లో డార్సే అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆ బహుమానమును పొందెను. ఆయన ఉపాయము సులువైనదే: పొగగొట్టములో వేరొక చిన్న మంట పెట్టిన, ఆ వేడికి గాలి పైకి లాగబడి విషపు ఆవిరిని వెంట కొనిపోవును. తరువాత 1840లో ఇంగ్లండులో ఎల్కింగ్టన్ వారు విద్యుత్తుతో పూత వేయు పద్ధతికి పేటెంటు పొందిరి. పాత పద్ధతి క్రమముగా తగ్గెను.

దీనినుండి మనకు రెండు పనులు కలవు. మన ఇండ్లలోగాని ఆలయములలోగాని పాత పూత వస్తువులుండిన, చింతపండుతోను, బూడిదతోను, పాలిషుతోను తోమరాదు. ఆ పలుచని పొర ఒకసారి పోయిన తిరిగి రాదు. మెత్తని పొడి గుడ్డ చాలును. అది ఒక మనిషి ప్రాణముతో వేసిన పూత కదా!

రెండవది, మన వరంగల్ దారిలోనే పెంబర్తి ఉన్నది. అక్కడ ఇత్తడి రేకుపై సుత్తితో బొమ్మలు లేపు పనివారు నేటికిని ఉన్నారు. వారి వద్దగాని, మరే కార్ఖానాలోగాని వస్తువు చేయించునపుడు ధర ఒక్కటే అడుగుట మనకు తగదు. పొగ పోవుటకు దారి ఉన్నదా, ఆసిడ్ ముట్టు చేతులకు తొడుగులున్నవా అనికూడ అడుగుదము. రావ్రియో తన మరణానంతరము చేయించిన మేలును మనము బ్రతికియుండగనే చేయవచ్చును.